దోమతెర ఉన్న మొదటి హ్యామక్ కొనేవారు ముందుగా చూడవలసింది దాని కింది వైపు

మీ ప్రశ్నను ముందుగా ఒకసారి చెప్పుకుని సమాధానంలోకి వెళతాను. మీ ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, బరువు 75 కిలోలు. అక్టోబరులో మారేడుమిల్లికి, డిసెంబరులో అరకుకు స్నేహితులతో వెళ్లి రాత్రులు ఆరుబయట గడపాలని అనుకుంటున్నారు. గుడారానికి బదులుగా, చెట్లకు కట్టుకునే ఊయల, అంటే దుకాణాల్లో హ్యామక్ అనే పేరుతో అమ్మేది, కొనాలని మీ ఆలోచన. 9 అడుగుల పొడవుతో, పలుచని నైలాన్ గుడ్డతో, పైన జిప్పుతో దోమతెర కుట్టి ఉన్న ఒకటి మీకు నచ్చింది. అది చాలునా, లేక తెరను విడిగా కొనుక్కోవడం మంచిదా అని అడిగారు.

పన్నెండేళ్లుగా తూర్పు కనుమల్లో ఊయలలోనే పడుకుంటున్నవాడిగా నా సమాధానం ఇది: ఆ 9 అడుగుల ఊయలను కొనవద్దు. 11 అడుగుల పొడవున్న ఊయలను తెర లేకుండా తీసుకుని, దానిని పైనా కిందా చుట్టూ కప్పగలిగే దోమతెరను విడిగా తీసుకోండి. దీనికి కారణం మీరు పంపిన వివరాలలో ఎక్కడా లేని ఒక విషయం. ఊయలలో పడుకున్న మనిషిని దోమలు ఎక్కువగా పైనుంచి కాదు, కింది నుంచి కుడతాయి.

మంచం మీద పడుకున్నప్పుడు మన వీపు కింద పరుపో, నులకో, చాపో ఉంటుంది కనుక ఆ వైపు నుంచి దోమ వస్తుందన్న ఊహే మనకు రాదు. ఊయలలో మన వీపుకూ బయటి గాలికీ మధ్య ఉండేది ఒక్క పొర నైలాన్ మాత్రమే. శరీరం బరువుకు ఆ గుడ్డ బిగుసుకుని చర్మానికి అతుక్కుపోతుంది. దోమ తొండానికి ఆ గుడ్డ అడ్డే కాదు. నేను మొదట కొన్నది కూడా మీరు చూసినలాంటిదే. మారేడుమిల్లి దగ్గర తొలి రాత్రి జిప్పు పూర్తిగా వేసుకుని, తెరలో ఒక్క దోమ కూడా లేదని రెండుసార్లు టార్చి వేసి చూసుకుని మరీ పడుకున్నాను. తెల్లవారేసరికి భుజాల నుంచి పిక్కల దాకా వెనుక భాగమంతా దద్దుర్లు లేచాయి. ముఖం మీద, చేతుల మీద ఒక్క కాటు కూడా లేదు. తెర ఎక్కడ చిరిగిందోనని గంటసేపు వెతికాను. తెర చక్కగానే ఉంది, కానీ కాట్లు పడిన వైపు అసలు తెరే లేదు.

కాబట్టి కింది వైపును ఎలా కాపాడుకోవాలన్నదే అసలు ప్రశ్న. దానికి మూడు మార్గాలున్నాయి. మొదటిది రెండు పొరల గుడ్డ ఉన్న ఊయల తీసుకుని, ఆ రెండు పొరల నడుమ పలుచని ఫోమ్ చాప దూర్చడం. దోమ తొండం చాపను దాటి చర్మాన్ని అందుకోలేదు. చలి ప్రాంతాలకు ఇది చాలా మంచి పద్ధతే గాని, అక్టోబరులో గోదావరి వైపు మన్యంలో రాత్రిపూట ఉక్కపోత ఇంకా తగ్గదు. ఆ ఫోమ్ మీద వీపు చెమటతో తడిసిపోతుంది. రెండవది ఊయల బయటి వైపున, ఒంటికి తగలని పక్కన, బట్టల కోసం తయారైన పెర్మెత్రిన్ మందు చల్లి ఆరనివ్వడం. ఈ మందు చర్మానికి రాసుకునేది కాదు. తడిగా ఉన్నప్పుడు పిల్లులకు ప్రమాదకరం. చేపలకు విషం కనుక, మందు చల్లిన గుడ్డను వాగులో ఉతకకూడదు. మూడవ మార్గమే నేను మీకు చెబుతున్నది. గలీబులో దిండు ఉన్నట్టుగా ఊయల మొత్తం ఒక తెర గొట్టంలో ఉంటుంది. తెర అడుగు భాగం వీపుకు జానెడు కిందుగా వేలాడుతుంది కాబట్టి దోమ గుడ్డ దాకా రానేరాదు. ఒకే పొర గుడ్డ మీద హాయిగా గాలి తగులుతూ నిద్రపోవచ్చు.

ఇలాంటి తెరకు రెండు కొసలలోనూ పైజామా నాడా లాంటి బొందు ఉంటుంది. దానిని ఊయల రెండు చివర్లలో బిగించి కట్టాలి. లోపలికి వెళ్లడానికి కొన్నింటికి పక్కన జిప్పు ఉంటుంది, కొన్నింటికి కింద చీలిక ఉండి దానికి మళ్లీ ఒక బొందు ఉంటుంది. కొత్తవారికి జిప్పు సులువు. కింది చీలికది బరువు తక్కువ, పాడయ్యేదీ తక్కువ, కానీ రాత్రి లేచి బయటికి వెళ్లి వచ్చాక ఆ బొందును మళ్లీ బిగించడం మరిచిపోతే తెర ఉండీ లేనట్టే. మీరు జిప్పుదే తీసుకోండి. జిప్పుకు లోపలి నుంచీ బయటి నుంచీ లాగే పిడి ఉందా, చీకట్లో ఒంటిచేత్తో ఆగకుండా నడుస్తుందా, దాని దారిలో తెర గుడ్డ ఇరుక్కుంటోందా అన్నవి కొనేముందే చూసుకోండి. కుట్టేసిన తెరలో జిప్పు పాడైతే ఊయల మొత్తం పనికిరాకుండా పోతుంది. విడి తెర అయితే దానిని మాత్రమే మార్చుకుంటారు. దోమలు లేని డిసెంబరు రాత్రులలో దానిని ఇంట్లోనే వదిలి వెళ్లవచ్చు కూడా.

తెర గుడ్డ నేత గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మంచాలకు కట్టే మామూలు దోమతెరలో చదరపు అంగుళానికి 156 రంధ్రాలుంటాయి. దోమలను ఆపడానికి అది చాలు. కానీ వాగుల దగ్గర ముసిరే నుసుములు, ఇసుక ఈగలు దోమకంటే చాలా చిన్నవి. వాటిలో చాలావాటి పొడవు 2, 3 మిల్లీమీటర్లకు మించదు. అవి ఆ రంధ్రాలలోంచి నింపాదిగా లోపలికి వస్తాయి. వాటిని ఆపేందుకు ఇంకా సన్నని నేత ఉన్న గుడ్డ వేరే ఉంది, దానిని నో-సీ-అమ్ నెట్ అంటారు. గాలి కాస్త తక్కువ ఆడుతుంది, కానీ మన్యం వాగుల పక్కన పడుకునేవారికి అదే కావాలి. రంగు విషయంలో నా సలహా నలుపే. తెల్లని తెర లోపలి నుంచి చూస్తే పొగమంచులా కనిపిస్తుంది, నల్లని తెరలోంచి చెట్లూ నక్షత్రాలూ స్పష్టంగా కనిపిస్తాయి.

సరైన తెర దొరకకపోతే మీ వీధిలోని దర్జీ చేత కుట్టించుకోవచ్చు. నా దగ్గర ఇప్పుడున్నది అలా కుట్టించినదే. పొడవు మూడుంపావు మీటర్లు, చుట్టుకొలత మూడున్నర మీటర్లు, రెండు కొసలలో బొందులు, ఒక పక్కన మీటరున్నర జిప్పు. దర్జీకి చెప్పవలసింది ఒక్కటే: కుట్టు వేసిన చోట గుడ్డను మడిచి రెండు వరుసలుగా కుట్టాలి, లేకపోతే సన్నని నేత కుట్టు వెంబడే విచ్చిపోతుంది.

తెర ఎంత మంచిదైనా ముఖానికి ఆనుకుంటే దోమ దానిలోంచే కుడుతుంది. అందుకని ఊయల రెండు కొసలనూ కలుపుతూ పైన ఒక సన్నని గట్టి తాడు ఉండాలి. దీనిని రిడ్జ్‌లైన్ అంటారు. తెర దీని మీద వేలాడుతూ ఒంటికి దూరంగా నిలుస్తుంది. ఈ తాడు చేసే మరో పని ఇంకా ముఖ్యమైనది. దీని పొడవు ఊయల పొడవులో సుమారు 83 శాతం ఉంటే, చెట్లు కొంచెం దగ్గరగా ఉన్నా దూరంగా ఉన్నా ఊయల ప్రతిసారీ దాదాపు ఒకే లోతుకు దిగుతుంది. 335 సెంటీమీటర్ల ఊయలకు ఇది 278 సెంటీమీటర్లు. ఊయలతో పాటు ఇది రాకపోతే సాగని తాడుతో మీరే కట్టుకోండి.

ఇక పొడవు సంగతి. ఊయలలో నిటారుగా, ఒక కొస నుంచి మరో కొసకు పడుకునేవారికి వీపు విల్లులా వంగిపోతుంది, మోకాళ్లు వెనక్కి నొక్కుకుపోతాయి, ఉదయానికి నడుము పట్టేస్తుంది. ఊయలలో ఐమూలగా పడుకోవాలి. తల ఒక పక్కకు, పాదాలు రెండవ పక్కకు జరిపితే గుడ్డ ఒంటి కింద చదునుగా పరుచుకుంటుంది. చంటిపిల్లలకు దూలానికి కట్టే చీర ఊయలను గమనించండి. ఆ బిడ్డకు దానిలో ఎటు తిరిగినా చోటుంటుంది, ఎందుకంటే బిడ్డ ఒంటితో పోలిస్తే చీర ఎంతో పెద్దది. మనకూ అదే నిష్పత్తి కావాలి. మీ ఎత్తుకు 11 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉంటేనే ఐమూలగా పడుకోవడం కుదురుతుంది. 9 అడుగుల దానిలో ఆ చోటు లేదు. పైగా తెర దాని అంచులకే కుట్టి ఉంటుంది కనుక, మీరు ఐమూలగా జరిగిన మరుక్షణం మోచేయీ పాదాలూ తెరకు ఆనుకుంటాయి. అప్పుడు పైనుంచి కూడా కాట్లు తప్పవు.

దుకాణాలలో పెట్టె మీద రాసే 200 కిలోలు, 300 కిలోలు అన్న అంకెలను చూసి ధైర్యపడకండి. ఆ అంకె గుడ్డ గురించి కావచ్చు, కానీ తెగేది సాధారణంగా గుడ్డ కాదు, కొసన ఉన్న తాడో కొక్కెమో. ఊయల కొసను చెట్టుకు కట్టే పట్టీని ఎంత బిగువుగా కట్టారన్నదాన్ని బట్టి వాటిమీద బరువు మారిపోతుంది. మీ 75 కిలోల బరువును ఉదాహరణగా తీసుకుందాం. చెట్టు నుంచి పట్టీ 30 డిగ్రీల వాలుతో దిగితే ఒక్కో పట్టీ మీద దాదాపు 75 కిలోల లాగుడు పడుతుంది. 15 డిగ్రీలకు తగ్గితే అది సుమారు 145 కిలోలు. బట్టలారేసే దండెంలా లాగి కట్టి 5 డిగ్రీలే ఉంచితే 430 కిలోలు. కొత్తవారిలో నూటికి తొంభై మంది దండెంలాగే కడతారు, ఎందుకంటే వేలాడే గుడ్డను చూస్తే వదులుగా కట్టామేమోనన్న భయం కలుగుతుంది. వదులుగా ఉండడమే సరైన పద్ధతి. బొటనవేలూ చూపుడు వేలూ విడదీసి, చూపుడు వేలిని నేలకు సమాంతరంగా పట్టుకుంటే, ఆ రెండు వేళ్ల కొసలను కలిపే గీత వాలు సుమారు 30 డిగ్రీలు. పట్టీ ఆ వాలుతో ఉందేమో చూసుకుంటే చాలు.

చెట్ల మధ్య 13 నుంచి 16 అడుగుల దూరం ఉండాలి. పట్టీలు సుమారుగా మీ తల ఎత్తున కట్టి, మీరు కూర్చున్నప్పుడు ఊయల నేల నుంచి కుర్చీ ఎత్తున, అంటే ఒకటిన్నర అడుగున ఉండేలా సవరించుకోండి. అంతకన్నా ఎత్తుగా కట్టాలన్న కోరిక కలుగుతుంది, కానీ పడినా పెద్ద దెబ్బ తగలని ఎత్తు అదే. పట్టీలు కనీసం అంగుళం వెడల్పువి, పాలిస్టర్‌వి తీసుకోండి. నైలాన్ పట్టీ రాత్రంతా సాగి తెల్లవారేసరికి మిమ్మల్ని నేలకు దించుతుంది. సన్నని తాడు ఏదైనా చెట్టు బెరడును కోసేస్తుంది కనుక దానిని వాడవద్దు. తాళాల గుత్తికి వేసుకునే కొక్కేలను నమ్మవద్దు; బరువు మోసే సామర్థ్యం దాని ఒంటి మీదే చెక్కి ఉన్న కారబినర్‌నే, అంటే మూసుకునే లోహపు కొక్కేన్నే వాడండి.

చెట్టును ఎంచుకోవడానికి తొందరపడకండి. మద్ది, టేకు, మామిడి, చింత మంచివి, కాండం మీ తొడకన్నా లావుగా ఉండాలి. మునగ చెట్టు ఎలాంటిదో మన సామెతలే చెబుతాయి. ఎండిన చెట్టు, పైన విరిగి వేలాడుతున్న కొమ్మ ఉన్న చెట్టు, కాయలతో ఉన్న కొబ్బరి, తాడి చెట్ల కింద పడుకోవద్దు. అరకులో మరొక జాగ్రత్త అవసరం. అక్కడ కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, సరైన ఎడంలో కనిపించి ఊయలకు పిలుస్తున్నట్టే ఉంటాయి. వాటి మీదికి మిరియాల తీగలు పాకించి ఉంటారు. పట్టీ బిగిస్తే తీగ నలిగిపోతుంది. ఆ తీగ ఒక గిరిజన కుటుంబపు ఏడాది రాబడిలో భాగం. తోట వారిని అడగండి, తీగ లేని చెట్టును వారే చూపిస్తారు.

అడవిలో మీకు నచ్చిన చోట రాత్రి బస చేయడానికి వీలు లేదన్నది కూడా ముందే తెలుసుకోండి. అభయారణ్యాలలో, పులుల సంరక్షణ ప్రాంతాలలో అనుమతి లేకుండా అడుగుపెట్టడమే నేరం. మారేడుమిల్లిలో స్థానిక గిరిజనుల భాగస్వామ్యంతో అటవీ శాఖ నడిపే విడిదులున్నాయి. అక్కడ అడిగి, వారు చూపిన చెట్లకు కట్టుకోవడం అన్ని విధాలా మంచిది. ఎలుగుబంటి ఏ దారిన నీళ్లకు వస్తుందో వారికి తెలిసినంతగా మనకు తెలియదు.

డిసెంబరు అరకు గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చలి కూడా దోమలాగే కింది నుంచి వస్తుంది. గుడారంలో కింద నేల ఉంటుంది. ఊయల కింద గాలి కదులుతూ వీపు వేడిని నిరంతరం లాక్కుపోతుంది. స్లీపింగ్ బ్యాగులో దూరితే చాలదా అనుకుంటారు, కానీ ఒంటి బరువు కింద నలిగిన దూది చలిని ఆపలేదు. ఒంటి కింద ఫోమ్ చాప వేసుకోవాలి, లేదా ఊయల వెలుపల, కింది వైపున వేలాడేలా బొంత కట్టాలి. ఈ బొంతను అండర్‌క్విల్ట్ అని అమ్ముతారు. నలగకుండా వేలాడుతుంది కనుక వెచ్చదనం నిలుస్తుంది. మొదటి ఏడాదికి మీకు ఫోమ్ చాప చాలు, యోగా చేసుకునే చాప కన్నా కొంచెం మందంగా, భుజాల కన్నా వెడల్పుగా ఉన్నది తీసుకోండి. లంబసింగి వైపు తెల్లవారుజామున పగటి చలికోట్లు కూడా చాలవు, ఇక ఊయలలో వీపు కింద ఏమీ లేకుండా పడుకోవడం అసాధ్యం.

వాన కోసం పైన కట్టే టార్పాలిన్ ఊయల పొడవు కన్నా ఇటు అరడుగు, అటు అరడుగు పెద్దదిగా ఉండాలి. పట్టీ వెంబడి నీరు జారి ఊయలలోకి రాకుండా, ఊయలకు కొంచెం ముందు పట్టీకి ఒక చిన్న నూలు తాడు కట్టి కిందికి వదిలితే, నీరు ఆ తాడు వెంట నేలకు కారిపోతుంది.

ఊయలకు ఉన్న గొప్ప మేలు నేలకు దూరంగా ఉండడం. మన ప్రాంతంలో కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారిని నిద్రలోనే కాటు వేస్తుంది. ఆ కాటు ఒక్కోసారి నొప్పి కూడా తెలియనివ్వదు. నేను గుడారం నుంచి ఊయలకు మారడానికి మొదటి కారణం అదే. అయితే దిగేటప్పుడు టార్చి వేసి చూడకుండా కాలు కింద పెట్టవద్దు, బూట్లను నేల మీద వదలకుండా పట్టీకి తగిలించండి. తెర అంచు నేలను తాకకూడదు, తాకితే గడ్డిలోని పిడుదులు దానిని పట్టుకుని పైకి వస్తాయి. చీమలు మాత్రం చెట్టు మీదుగా పట్టీ వెంట నడిచి వస్తాయి. పట్టీ కట్టేముందు కాండం చుట్టూ తిరిగి చూడండి. ఎర్ర చీమల బారు ఉంటే ఆ చెట్టును వదిలేయండి. తెర కొస బొందును బిగువుగా కడితే దారి తప్పి వచ్చిన ఒకటీ రెండూ లోపలికి రాలేవు.

కొత్తవారు చేసే పొరపాట్లలో ఎక్కువ కాట్లకు కారణమయ్యేది ఒకటుంది. సాయంత్రం ఊయల కట్టి, తెర తెరిచి ఉంచి, వంటా మాటలూ ముగించుకుని తొమ్మిదింటికి జిప్పు వేస్తారు. అప్పటికే దోమలు లోపల ఉంటాయి. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ మలేరియా రహస్యాన్ని ఛేదించినప్పుడు, దోమలు రోగిని కచ్చితంగా కుట్టాలని అతనిని దోమతెరలో పడుకోబెట్టి దోమలను లోపలికి వదిలారు. జిప్పు తెరిచి ఉంచితే మనం మనకు చేసుకునేది సరిగ్గా అదే. సూర్యాస్తమయానికి ముందే తెర కట్టి, మూసి ఉంచండి. ఎక్కేటప్పుడు ముందు వీపు వైపు లోపలికి పెట్టి కూర్చుని, కాళ్లు దులుపుకుని లోపలికి తీసుకుని, వెంటనే జిప్పు వేయండి. లోపల తెల్లని దీపం వెలిగించకండి, ఎర్రని దీపానికి పురుగులు తక్కువగా వస్తాయి.

తెర ఎంత బాగున్నా అది పడుకున్న గంటలకే కాపలా. మలేరియాను మోసే అనాఫిలిస్ దోమలు చీకటి పడినప్పటి నుంచి తెల్లవారే దాకా కుడతాయి, వాటిలో కొన్ని జాతులు సెలయేటి అంచుల్లో నెమ్మదిగా పారే నీటిలోనే గుడ్లు పెడతాయి. కాబట్టి వాగు ఒడ్డున కాకుండా కొంచెం పైన, గాలి ఆడే చోట కట్టండి. సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు వేసుకుని, బయట ఉన్న చర్మానికి దోమల మందు రాసుకోండి. డీట్ అనే రసాయనం ఉన్న మందు ప్లాస్టిక్‌ను పాడుచేస్తుంది కనుక అదే చేతితో జిప్పు పిడినీ కళ్లజోడునూ పట్టుకోవద్దు. తిరిగి వచ్చిన తర్వాత కొన్ని వారాలలో, ఒక్కోసారి కొన్ని నెలల తర్వాతైనా, జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా రక్త పరీక్ష చేయించుకోండి, మన్యంలో రాత్రి బస చేసిన సంగతి వైద్యునికి తప్పకుండా చెప్పండి.

అక్టోబరు ప్రయాణానికి ముందు ఒక రాత్రి, తెలిసినవారి మామిడి తోటలో వీటన్నిటినీ కట్టుకుని పడుకోండి. ఉదయం లేచాక కాట్లు ఏ వైపు ఉన్నాయో ఇంట్లోవారి చేత చూపించుకోండి. వీపు మీద ఉంటే తెర అడుగు భాగం ఊయలకు తగులుతోందని అర్థం. కొసల బొందులను కొద్దిగా వదులు చేసి, తెరను మరో నాలుగు అంగుళాలు కిందికి దించి, బొందులను మళ్లీ బిగించండి. మోచేతుల మీద ఉంటే రిడ్జ్‌లైన్‌ను సరిచూసుకోండి. అన్ని వైపులా ఉంటే మాత్రం దోమలు మీకంటే ముందే లోపలికి వెళ్లాయి.